కాల్షియం గోలీలు: ఏది, ఎంత, ఎప్పుడు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎముకల గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం. డాక్టరు రాసిన మందును ఆపాలన్నా, మార్చాలన్నా ఇది చూపించి ఆయనతో మాట్లాడాకే ఆ పని చేయండి.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ముట్లు ఆగి మూడేళ్లయింది. కాల్షియం గోలీ పట్టీ మీద ఒకచోట 1250 అని, ఇంకోచోట 500 అని ఉంది. ఏది నిజం? పొద్దున పరగడుపున గ్యాస్ గోలీతో పాటే రెండు కాల్షియం గోలీలు వేసుకోమన్నారు. కడుపు ఉబ్బరం, మలబద్ధకం మొదలయ్యాయి. రోజుకు రెండుసార్లు చాయ్, రాత్రి ఓ గిన్నెడు పెరుగు, పప్పు, ఆకుకూర తింటాను.
– ఒక గృహిణి, నర్సంపేట

జవాబు: రెండు అంకెలూ నిజమే. 1250 మిల్లీగ్రాములు అనేది కాల్షియం కార్బొనేట్ అనే లవణం మొత్తం బరువు. అందులో నూటికి 40 పాళ్లే అసలు కాల్షియం, అంటే 500 మి.గ్రా. అదే కాల్షియం సిట్రేట్ అయితే నూటికి 21 పాళ్లే, వెయ్యి మి.గ్రా. సిట్రేట్ గోలీలో మీకు దక్కేది 210 మాత్రమే. షాపులో పట్టీ తిప్పి చూసి ‘ఎలిమెంటల్ కాల్షియం’ అన్న మాట పక్కన ఉన్న అంకెనే లెక్కలోకి తీసుకోండి. ఆ మాట లేకపోతే పై పాళ్లతో మీరే లెక్కగట్టుకోవచ్చు. ముత్యపు చిప్పల కాల్షియం, పగడపు కాల్షియం అని ఎక్కువ ధరకు అమ్మేవి కూడా కార్బొనేటే.

పరగడుపున వేసుకోవడమే మీ ఇబ్బందికి మొదటి కారణం. కార్బొనేట్ కరగాలంటే కడుపులో ఆమ్లం ఊరాలి. అది అన్నం తిన్నప్పుడే బాగా ఊరుతుంది. పైగా మీరు వేసుకునే గ్యాస్ గోలీ (పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి) ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది. ఒక గోలీ పనిని ఇంకో గోలీ చెడగొడుతోందన్నమాట. గ్యాస్ గోలీ నిజంగా మానలేని పరిస్థితి అయితే కాల్షియం సిట్రేట్‌కు మారే సంగతి డాక్టరును అడగండి. దానికి ఆమ్లంతో పెద్దగా పని లేదు, తిన్నా తినకపోయినా ఒంటికి పడుతుంది, మలబద్ధకమూ తక్కువ. గ్యాస్ గోలీని ఏళ్ల తరబడి వాడుతుంటే అది ఇంకా అవసరమా అని కూడా అడగాలి. దీర్ఘకాలం వాడినవాళ్లలో ఒంట్లో మెగ్నీషియం తగ్గడం, ఎముక విరిగే ప్రమాదం కొంత పెరగడం గమనించారు.

రెండు గోలీలు ఒకేసారి వేసుకోవడం రెండో పొరపాటు. ఒక విడతలో 500 మి.గ్రా. దాటేకొద్దీ పేగులు పీల్చుకునే వాటా తగ్గిపోతుంది. మిగిలింది పేగుల్లోనే ఉండి మలాన్ని గట్టిపరుస్తుంది. రెండు అవసరమైనవాళ్లు పగటి భోజనం తర్వాత ఒకటి, రాత్రి భోజనం తర్వాత ఒకటి వేసుకోవాలి.

అసలు మీకు రెండు అవసరమా? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2010లో పెద్దలకు రోజుకు 600 మి.గ్రా. చాలన్నది, 2020లో దాన్ని 1000కి పెంచింది. ముట్లు ఆగినవాళ్లకు 1000 నుంచి 1200 దాకా కావాలని డాక్టర్లు చెబుతారు. మీ తిండి లెక్క చూద్దాం. రెండు చాయ్‌లలో కలిసే పాలు 80 మిల్లీలీటర్లనుకుంటే సుమారు 100 మి.గ్రా., 150 గ్రాముల పెరుగులో 200 పైన, పప్పు, ఆకుకూర, మిగతా కూరలన్నీ కలిపి మరో 200. అంటే 500 తిండిలోనే వస్తోంది. లోటు 500 నుంచి 700. ఒక్క గోలీ, దానితో పాటు ఇంకో గ్లాసు పాలు ఉంటే సరిపోతుంది. తిండి, గోలీ అన్నీ కలిపి యాభై దాటినవాళ్లు రోజుకు 2000 మించకూడదు. ఎక్కువ మింగినంత మాత్రాన ఎక్కువ బలం రాదు. మూత్రపిండాల మీద భారం మాత్రం పడుతుంది.

ప్రశ్న: థైరాయిడ్ గోలీ, రక్తహీనతకు ఐరన్ గోలీ, బీపీ గోలీ, కాల్షియం గోలీ. అన్నీ పొద్దున్నే ఒకేసారి మింగేసి స్కూలుకు పోతాను. థైరాయిడ్ డోసు రెండుసార్లు పెంచినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు సరిపోతోందా అని చెప్పే రక్తపరీక్ష అంకె) దిగడం లేదు.
– ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

జవాబు: డోసు మూడోసారి పెంచుకునే ముందు వేళలు మార్చి చూడండి. కాల్షియం, ఐరన్ రెండూ పేగులో థైరాక్సిన్‌ను పట్టుకుని ఒంట్లోకి పోనివ్వవు. మందు మింగుతున్నా రక్తంలోకి చేరేది తక్కువ కాబట్టి టీఎస్‌హెచ్ పైనే ఉంటుంది. థైరాయిడ్ గోలీకీ కాల్షియం, ఐరన్ గోలీలకూ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం కావాలి. కాల్షియానికీ ఐరన్‌కూ మధ్య కనీసం రెండు గంటలు.

మీ పనికి సరిపోయే వరుస ఇదీ. పొద్దున 6 గంటలకు థైరాయిడ్ గోలీ, ఉత్త నీళ్లతో. చాయ్ అయినా పాలైనా అరగంట నుంచి గంట ఆగాకే. బీపీ గోలీ టిఫిన్ అయ్యాక. మధ్యాహ్నం డబ్బా తిన్న వెంటనే కాల్షియం. సాయంత్రం 5 గంటలకు ఐరన్, నిమ్మరసం నీళ్లతో. దానికి ముందూ వెనుకా గంటసేపు చాయ్ వద్దు. ఇలా ఆరు నుంచి ఎనిమిది వారాలు చేసి టీఎస్‌హెచ్ మళ్లీ చూపించండి. పెంచిన డోసు మీదే వేళలు సరిదిద్దుతున్నారు కాబట్టి గుండెదడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే అన్నాళ్లు ఆగకుండా ముందే చూపించుకోవాలి. అప్పుడు డోసు తగ్గించాల్సి రావచ్చు.

బీపీ గోలీ పేరు ఒకసారి చదవండి. అందులో హైడ్రోక్లోరోథయాజైడ్ గానీ క్లోర్‌థాలిడోన్ గానీ ఉంటే అది మూత్రంలో కాల్షియం పోకుండా ఆపుతుంది. గోలీలు కూడా తోడైతే రక్తంలో కాల్షియం పెరగవచ్చు. అది వాడేవాళ్లు కాల్షియం మొదలుపెట్టిన సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. ఎప్పుడైనా జ్వరానికో మూత్రంలో మంటకో డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి రాస్తే, ఆ కోర్సు అయిపోయేదాకా కాల్షియం మానేయడమే సులువు. నాలుగైదు రోజులు మానితే ఎముకకు వచ్చే నష్టం లేదు, కలిపి మింగితే మాత్రం ఆ యాంటీబయాటిక్ పనిచేయదు.

ప్రశ్న: నాట్ల కాలమంతా నడుము నొప్పి. మా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర కాల్షియం సూది వేయించుకుంటే ఒళ్లంతా వేడెక్కి బలం వచ్చినట్టు ఉంటుంది. నెలకోసారి వేయించుకోవచ్చా?
– ఒక రైతు కూలీ, ములుగు జిల్లా

జవాబు: వద్దు. ఆ సూదిలో ఏముందో చూడండి. పది శాతం కాల్షియం గ్లూకోనేట్, 10 మిల్లీలీటర్ల ఆంపూల్. అందులో అసలు కాల్షియం సుమారు 93 మి.గ్రా. అర గ్లాసు పాలలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. నరంలోకి ఎక్కించిన ఆ కొంచెం కూడా కొన్ని గంటల్లో సర్దుకుపోతుంది. ఎముకలో నిల్వ పడదు. ఒళ్లు వేడెక్కడం బలం కాదు. కాల్షియం ఒక్కసారిగా రక్తంలోకి వచ్చినప్పుడు రక్తనాళాలు వెడల్పు కావడం వల్ల వచ్చే వేడి అది.

ప్రమాదం మాత్రం చిన్నది కాదు. తొందరగా ఎక్కిస్తే గుండె లయ తప్పి ఆగిపోయే అవకాశం ఉంది. ఆసుపత్రిలో అయితే ఈ మందును పది నిమిషాల పాటు మెల్లగా, గుండె కొట్టుకోవడం గమనిస్తూ ఇస్తారు. నరం నుంచి పక్కకు కారితే అక్కడి చర్మం, కండ కుళ్లిపోతాయి. గుండె జబ్బుకు డిగాక్సిన్ వాడేవాళ్లకు మరీ ప్రమాదం. ఈ సూది నిజంగా అవసరమయ్యేది రక్తంలో కాల్షియం బాగా పడిపోయి చేతులు వంకర్లు పోయినప్పుడు, పొటాషియం పెరిగి గుండెకు ముప్పు వచ్చినప్పుడు. అవి ఆసుపత్రి పనులు.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. నొప్పులకు సూదితో పాటు చిన్న తెల్ల గోలీలు, పేరులేని పొట్లాల పొడి ఇస్తున్నారేమో చూసుకోండి. ఒక్క రోజులో నొప్పి మాయమై, ఆకలి పెరిగి, మొహం ఉబ్బుతుంటే అందులో ప్రెడ్నిసలోన్, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉందని అనుమానించాలి. మూడు నెలలు దాటి స్టెరాయిడ్ వాడితే ఎముక లోపల గుల్లబారుతుంది. ముందుగా దెబ్బతినేది వెన్నుపూసలు. నెలల తరబడి వాడినవాళ్లు హఠాత్తుగా ఆపకూడదు, అది ప్రాణం మీదికి వస్తుంది. ఆ గోలీలు, పొట్లాలు వెంట తీసుకుని ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరికి వెళ్లండి, మెల్లగా తగ్గించి మాన్పిస్తారు.

ప్రశ్న: బీడీలు చేస్తాను. తొడలు, నడుము, పక్కటెముకలు సలుపుతున్నాయి. కింద కూర్చుంటే చేతులు ఆనించకుండా లేవలేకపోతున్నా. విటమిన్ డి 9 ఉందని సాషేలు రాశారు. తొందరగా తగ్గాలని మా చెల్లె రోజుకొకటి చొప్పున పన్నెండు తాగింది. నేనూ అట్లనే తాగాలా?
– ఒక బీడీ కార్మికురాలు, కోరుట్ల

జవాబు: ముందు మీ చెల్లెలి సంగతి. ఒక్కో సాషేలో 60,000 యూనిట్లు ఉంటాయి. ఒంటికి రోజుకు కావాల్సింది 600. వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు తాగి, ఆ తర్వాత నెలకు ఒకటి తాగడం మామూలు పద్ధతి. పన్నెండు రోజుల్లో పన్నెండు అంటే ఏడు లక్షల ఇరవై వేల యూనిట్లు. ఇప్పుడే ఆపించండి, కాల్షియం గోలీలు కూడా ఆపించండి. ఈ వారంలోనే రక్తంలో కాల్షియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది) పరీక్షలు చేయించండి. వాంతులు, ఎప్పుడూ లేనంత దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, మత్తుగా ఉండటం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి. ఈ విటమిన్ కొవ్వులో నిల్వ ఉంటుంది, తాగడం మానినా వారాలు, నెలలు ప్రభావం చూపిస్తుంది. బీ కాంప్లెక్స్‌లా ఎక్కువైంది మూత్రంలో పోదు.

మీకు వచ్చింది విటమిన్ డి లోపం వల్ల ఎముక మెత్తబడటం కావచ్చు. తొడల్లో సత్తువ తగ్గి కింది నుంచి లేవలేకపోవడం దాని గుర్తు. 20 కంటే తక్కువ ఉంటేనే లోపం అంటారు, మీది 9. వారానికి ఒకే సాషే, ఒకే వారం పేరు పెట్టుకుని (ప్రతి ఆదివారం అనుకోండి), పగటి భోజనం అయ్యాక తాగండి. కూరలో నూనె, అన్నంలో నెయ్యి చుక్క ఉన్న పూట అయితే బాగా పడుతుంది. దాంతో పాటు కాల్షియం 500 మి.గ్రా. గోలీ రోజూ కావాలి, ఎందుకంటే డి అందగానే ఎముకలు కాల్షియాన్ని ఆత్రంగా లాక్కుంటాయి. నొప్పి తగ్గడానికి వారాలు, సత్తువ రావడానికి కొన్ని నెలలు పడుతుంది. మూడు నెలలకు పరీక్ష మళ్లీ చేయించండి.

తునికాకు, చాట ముందేసుకుని పొద్దంతా ఇంట్లో కూర్చునే పని మీది. ఎండ తగిలే వేళ మొత్తం నీడలోనే గడిచిపోతుంది. డి తయారు కావాలంటే మీ నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉన్న వేళ ఎండ తగలాలి. చలికాలంలో అది మిట్టమధ్యాహ్నం చుట్టుపక్కల మాత్రమే. ఎండాకాలంలో పొద్దున తొమ్మిది దాటితే చాలు. వడదెబ్బ వేళ దాకా ఆగొద్దు. చేతులు, కాళ్లు, మెడ మీద 20 నుంచి 30 నిమిషాలు, వారంలో నాలుగైదు రోజులు. చాట తెచ్చుకుని వాకిట్లో కూర్చుంటే పనీ ఆగదు. కిటికీ అద్దం లోంచి పడే ఎండ పనికిరాదు.

ప్రశ్న: సింగరేణి భూగర్భ గనిలో పని. మాకూ ఇదే వర్తిస్తుందా?
– గోదావరిఖని

జవాబు: ఇంకా ఎక్కువ. మొదటి షిఫ్టు అయితే డి తయారయ్యే ఎండ వేళంతా భూమి లోపలే గడుస్తుంది. ఆరోగ్య పరీక్షలప్పుడు 25 హైడ్రాక్సీ విటమిన్ డి పరీక్ష అడగండి. రెండో, మూడో షిఫ్టు వారాల్లో, సెలవు రోజున పై వేళల్లో బయట తిరగండి. బీడీ, సిగరెట్, రోజూ తాగే మద్యం ఎముకను మగవాళ్లలో కూడా గుల్ల చేస్తాయి.

ప్రశ్న: జొన్నరొట్టె తింటే ఎముకలు గట్టిపడతాయని మా అత్తమ్మ అంటుంది. కాళ్ల షోరువా తాగితే కాల్షియం వస్తుందా? గోలీలు లేకుండా తిండితోనే వెయ్యి మిల్లీగ్రాములు తెచ్చుకోవచ్చా?
– హుజూరాబాద్ పాఠకురాలు

జవాబు: తెచ్చుకోవచ్చు, కానీ దేనిలో ఎంత ఉందో తెలియాలి. జొన్నలో పీచు, మెగ్నీషియం బాగున్నాయి. కాల్షియం మాత్రం వంద గ్రాములకు 30 లోపే. సజ్జల్లో కూడా దాదాపు అంతే. తైదలే (రాగులే) వేరు: వంద గ్రాములకు సుమారు 350. అత్తమ్మ మాట కొట్టేయకండి, జొన్నరొట్టె పక్కన నువ్వుల పొడి పెట్టండి. పొట్టు తీయని నువ్వుల్లో వంద గ్రాములకు వెయ్యి పైనే ఉంటుంది, ఒక పెద్ద చెంచాకు వంద మి.గ్రా. వేసుకోవచ్చు. సర్వపిండిలో, సకినాల్లో మనవాళ్లు నువ్వులు వేసేది, సద్దుల బతుకమ్మకు నువ్వుల సద్ది చేసేది ఏడాదికి కొన్ని రోజులే. ఆ నువ్వులు రోజూ పళ్లెంలోకి రావాలి. షాపులో తెల్లగా మెరిసే పొట్టు తీసిన నువ్వుల్లో కాల్షియం చాలావరకు పొట్టుతోనే పోయి ఉంటుంది. కొద్దిగా వేయించి దంచుకోండి, లేకపోతే గింజ నమలకుండానే కడుపు దాటిపోతుంది.

తైదలను జావ చేసే పద్ధతిలో కూడా తేడా ఉంది. గింజలో ఉండే ఫైటేట్ కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. పన్నెండు గంటలు నానబెట్టి, బట్టలో కట్టి ఒక రోజు మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పట్టించిన పిండిలో అది తగ్గుతుంది. లేదంటే మామూలు పిండినే రాత్రి నీళ్లలో కలిపి పులియబెట్టి పొద్దున అంబలి కాచుకోండి. మనిషికి 30 గ్రాముల పిండి, అంటే మూడు పెద్ద చెంచాలు. చల్లారాక గ్లాసుడు మజ్జిగ. పిండిలో 100, మజ్జిగ చిక్కదనాన్ని బట్టి 50 నుంచి 100.

ఆకుకూరల్లో పాలకూరను కాల్షియం కోసం నమ్ముకోవద్దు. దానిలోని ఆక్సలేట్ అనే పదార్థం కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి, ఉన్న కాల్షియంలో నూటికి ఐదు పాళ్లే ఒంటికి పడుతుంది. పాలలో అయితే ముప్పై దాకా. చుక్కకూర, గంగవాయిలికూర కూడా ఆక్సలేట్ ఎక్కువ ఉన్నవే. రుచికి తినండి, లెక్కలో వేయకండి. మునగాకు, మెంతికూర, కరివేపాకు మేలు. కరివేపాకును తీసి పక్కన పెట్టేవాళ్లు దాన్ని పొడి చేసుకుంటే నయం. ఉలవల్లో వంద గ్రాములకు 270 దాకా ఉంటుంది, చారు ఒక్కటే కాకుండా గుగ్గిళ్లు కూడా తినాలి. చిన్న చేపలు ముల్లుతో నమిలి తింటేనే కాల్షియం. పెద్ద చేప ముక్క తిని ముల్లు పారేస్తే దక్కేది మాంసకృత్తులే.

కాళ్ల షోరువాలో కాల్షియం పేరుకే. ఎముకలోని ఖనిజం నీళ్లలో ఎంత ఉడికించినా పెద్దగా కరగదు. ఉప్పు కూడా గమనించండి. రోజుకు ఒక టీస్పూను ఉప్పు తింటే అది మూత్రంలో సుమారు 40 మి.గ్రా. కాల్షియాన్ని వెంట తీసుకుపోతుంది. మామిడికాయ తొక్కుతో మూడు పూటలా అన్నం తినేవాళ్లు రెండు మూడు రెట్లు పోగొట్టుకుంటున్నారు.

ఒక రోజు లెక్క: రెండు గ్లాసుల పాలు గానీ అంత పెరుగు గానీ 450 నుంచి 500, తైద అంబలి మజ్జిగతో 150, నువ్వుల పొడి రెండు చెంచాలు 200, మునగాకు పప్పు, మిగతా తిండి 200. వెయ్యి దాటింది. పాలు పడనివాళ్లు పెరుగుకు మారి చూడాలి. అది కూడా సాధ్యం కాకపోతే గోలీ తప్పదు.

ప్రశ్న: రెండుసార్లు కిడ్నీలో రాయి పడింది. ఇప్పుడు ఎముకలు బలహీనంగా ఉన్నాయంటున్నారు. పాలు, పెరుగు మానేసి నాలుగేళ్లయింది. కాల్షియం గోలీ వాడొచ్చా?
– మంథని

జవాబు: పాలు, పెరుగు మానడమే తప్పు సలహా. ఎక్కువ రాళ్లు కాల్షియం ఆక్సలేట్‌వి. తిండిలోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని మలంలో పంపేస్తుంది. పాలు మానేస్తే ఆ ఆక్సలేట్ మొత్తం రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీలోకి పోతుంది. భోజనంలో పెరుగు మళ్లీ మొదలుపెట్టండి.

గోలీ సంగతి వేరు. అమెరికాలో 36 వేల మందికి పైగా స్త్రీల మీద జరిగిన పెద్ద పరిశోధనలో (2006లో ఫలితాలు వచ్చాయి) రోజుకు వెయ్యి మి.గ్రా. కాల్షియం, 400 యూనిట్ల డి వేసుకున్నవాళ్లలో కిడ్నీ రాళ్లు 17 శాతం ఎక్కువ కనిపించాయి. కాబట్టి మీరు తిండితోనే పూడ్చుకోవడానికి చూడాలి. తప్పనిసరైతే సిట్రేట్ రకం, భోజనంతో పాటు మాత్రమే. సిట్రేట్ రాయి కట్టకుండా కొంత ఆపుతుంది కూడా. పడుకునే ముందు ఉత్త గోలీ వేసుకోవద్దు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం పోయేలా నీళ్లు తాగాలి. మన ఎండల్లో దానికి మూడున్నర, నాలుగు లీటర్లు పడుతుంది. మొదలుపెట్టే ముందు 24 గంటల మూత్రంలో కాల్షియం పరీక్ష చేయించుకోవడం మంచిది.

ప్రశ్న: మెడికల్ షాపు ముందు ఉచిత క్యాంపులో మడమ మిషన్‌లో పెట్టి టి-స్కోర్ మైనస్ 2.8 అన్నారు. ఎముకలు గుల్లబారాయని ఆరు నెలల మందులు అంటగట్టారు. రక్తంలో కాల్షియం 9.4 ఉంది. ఏది నమ్మాలి?
– పరకాల

జవాబు: రెండింటితోనూ తేల్చలేం. టి-స్కోర్ అంటే మీ ఎముక సాంద్రతను ఆరోగ్యంగా ఉన్న యువతులతో పోల్చి చెప్పే అంకె. మడమ మిషన్ అల్ట్రాసౌండ్‌తో పనిచేస్తుంది. మైనస్ 2.5, అంతకంటే తక్కువ ఉంటే ఆస్టియోపోరోసిస్ (ఎముక గుల్లబారడం) అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత డెక్సా అనే ఎక్స్‌రే స్కాన్‌ది. ఆ గీతను మడమ మిషన్ అంకెకు పెట్టకూడదు. కాలు వాచినా అంకె మారిపోతుంది. ఆ పరీక్షను హెచ్చరికగా తీసుకుని, తుంటి, నడుము రెండుచోట్లా డెక్సా చేయించుకోండి. అరవై ఐదు దాటినవాళ్లు, ముట్లు త్వరగా ఆగినవాళ్లు, చిన్న దెబ్బకే ఎముక విరిగినవాళ్లు, స్టెరాయిడ్ వాడినవాళ్లు ముందుగా చేయించుకోవాలి.

ఇక 9.4 అనేది మామూలు అంకె. రక్తంలో కాల్షియం తగ్గబోతే ఒళ్లు ఎముకలోంచి తీసి అయినా దాన్ని నిలబెడుతుంది. అందుకే ఎముక సగం ఖాళీ అయినవాళ్లలో కూడా ఈ పరీక్ష బాగానే వస్తుంది.

ప్రశ్న: మోకాళ్లు అరిగాయి. కాల్షియం ఎన్నాళ్లు వాడితే నొప్పి పోతుంది?
– జమ్మికుంట

జవాబు: పోదు. అరిగేది కీలు మీది మెత్తటి పొర, దానికి కాల్షియంతో సంబంధం లేదు. బరువు ఐదు కిలోలు తగ్గడం, తొడ కండరాల వ్యాయామం (కుర్చీలో కూర్చుని కాలు చాచి పది లెక్కపెట్టేదాకా నిలపడం, ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు రెండు పూటలు) దీనికి మందు.

ప్రశ్న: మా ఊళ్లో బోరు నీళ్లే తాగేవాళ్లం. నాన్నగారి పళ్లు గార పట్టాయి, నడుము, మెడ బిగుసుకుపోయాయి. ఎక్స్‌రేలో ఎముకలు బాగా తెల్లగా, గట్టిగా ఉన్నాయన్నారు. మరి నొప్పులెందుకు? కాల్షియం ఇవ్వొచ్చా?
– జనగామ జిల్లా

జవాబు: ఇది ఫ్లోరోసిస్ లక్షణం. మన నల్లరాయి, గ్రానైట్ నేలల్లో లోతు బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉంటుంది. లీటరుకు 1 మి.గ్రా. దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా అనుమతి. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకలో చేరి దాన్ని దట్టం చేస్తుంది కానీ పెళుసు చేస్తుంది. కీళ్లను పట్టి ఉంచే నరాల్లాంటి కట్లు కూడా గట్టిపడతాయి. అందుకే ఎక్స్‌రేలో తెలుపు, ఒంట్లో బిగువు.

మొదటి పని నీళ్లు మార్చడం. మిషన్ భగీరథ నల్లా నీళ్లు నదులు, రిజర్వాయర్ల నుంచి వచ్చేవి. తాగడానికీ వండడానికీ రెండింటికీ అవే వాడండి. బోరు నీళ్లతో అన్నం, పప్పు వండితే ఫ్లోరైడ్ తిండిలోకి వచ్చేస్తుంది. కాచినా పోదు, నీరు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ మిషన్ తీసేస్తుంది. నల్ల ఉప్పు మానండి, పాలు లేని చాయ్ తగ్గించండి. రెండింటిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

కాల్షియం ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. తిండితో పాటు తీసుకున్న కాల్షియం పేగులో ఫ్లోరైడ్‌ను కొంత పట్టేస్తుంది. తిండిలో కాల్షియం తక్కువైన పిల్లల్లో ఫ్లోరైడ్ దెబ్బ తీవ్రంగా ఉండి కాళ్లు వంకరపోతాయి కాబట్టి ఇంట్లో పిల్లలకు పాలు, పెరుగు, నువ్వుల ఉండలు తప్పకుండా పెట్టండి. నాన్నగారికి డి, క్రియాటినిన్ చూశాకే గోలీ మొదలుపెట్టండి. చేతులు తిమ్మిర్లు, కాళ్లు పట్టు తప్పడం ఉంటే వెన్నుపాము నొక్కుకుపోతోందేమో చూపించాలి, ఆలస్యం చేయొద్దు.

ప్రశ్న: ఐదో నెల. ఆశా అక్క ఐరన్ గోలీలు, కాల్షియం గోలీలు రెండూ ఇచ్చింది. కలిపి వేసుకుంటే వాంతి వస్తోంది.
– ఏటూరునాగారం

జవాబు: కలపకూడదమ్మా. ప్రభుత్వ పద్ధతి ప్రకారం నాలుగో నెల నుంచి (14 వారాలు నిండాక) కాల్షియం రోజుకు రెండు, ఒక్కోటి 500 మి.గ్రా. కాన్పయ్యాక ఆరు నెలలు కూడా అంతే. పొద్దున తిన్నాక ఒకటి, పగటి భోజనం తర్వాత ఒకటి. ఐరన్ రాత్రి, భోజనం చేసిన రెండు గంటలకు, పడుకునే ముందు. అంగన్‌వాడీలో ఇచ్చే 200 మి.లీ. పాలను కూడా ఐరన్‌కు దూరంగానే తాగాలి. కాల్షియం తక్కువ తినేవాళ్లలో ఈ గోలీలు గర్భంలో వచ్చే బీపీని, దాని వల్ల వచ్చే మూర్ఛను తగ్గిస్తాయి. మలబద్ధకం పేరు చెప్పి మానేయవద్దు.

ప్రశ్న: గోధుమ గింజంత సున్నం మజ్జిగలో కలుపుకుని తాగమంటున్నారు. కోడిగుడ్డు పెంకుల పొడి కూడా.
– ధర్మపురి

జవాబు: గోధుమ గింజంత తడి సున్నంలో కాల్షియం 20 మి.గ్రా. కూడా ఉండదు. కొంచెం ఎక్కువైతే నోరు, గొంతు కాలుతాయి. గుడ్డు పెంకు దాదాపు మొత్తం కాల్షియం కార్బొనేటే, అర టీస్పూనులోనే ఎనిమిది వందలు, వెయ్యి మి.గ్రా. ఉండొచ్చు. ఉడికించకపోతే విరేచనాల క్రిములు, సరిగ్గా నూరకపోతే గొంతులో గుచ్చుకునే ముక్కలు. కొలిచిన గోలీ దొరుకుతున్నప్పుడు రెండూ అక్కర్లేదు.

ప్రశ్న: కాల్షియం గోలీలోనే మెగ్నీషియం, జింక్, విటమిన్ కె2, కాల్సిట్రయోల్ అన్నీ ఉన్నవి కొంటే మంచిదా? ధర మూడింతలు.
– నిజామాబాద్

జవాబు: అందరికీ అక్కర్లేదు. పప్పులు, జొన్నలు, పల్లీలు తినేవాళ్లకు మెగ్నీషియం, జింక్ తిండిలోనే వస్తాయి. మెగ్నీషియం బాగా తగ్గితే కాల్షియం గోలీలు వేసినా రక్తంలో కాల్షియం నిలవదు, కానీ అది దీర్ఘకాలం గ్యాస్ గోలీలు, నీరు తీసే గోలీలు, మద్యం అలవాటు ఉన్నవాళ్లలో చూసుకోవాల్సిన సంగతి. కె2 ఉన్నది రక్తం పలచబడే వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ వాడేవాళ్లు ముట్టకూడదు, ఆ మందు పని తగ్గిపోతుంది. కాల్సిట్రయోల్ అంటే ఒళ్లు తయారుచేసుకోవాల్సిన చివరి దశ విటమిన్ డి, నేరుగా. కిడ్నీ జబ్బులో, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు పనిచేయనప్పుడు దాని అవసరం. మామూలు డి సాషేలు తాగుతూ ఈ గోలీ కూడా రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగే ముప్పు ఉంది. పట్టీ వెనుక ఆ పేరు ఉందేమో చూసి, డాక్టరు రాసి ఉంటేనే కొనండి.

ప్రశ్న: మా అమ్మకు 67. గచ్చు మీద జారి చేతిని ఆనించుకుంటే మణికట్టు విరిగింది. డెక్సాలో మైనస్ 3.1. వారానికో గోలీ, అలెండ్రోనేట్ 70 రాశారు. కాల్షియంతో కలిపి ఇస్తున్నాం. ఛాతీలో మంట అంటోంది.
– కాజీపేట

జవాబు: ఇక్కడ కాల్షియం ఒక్కటే సరిపోదు, ఆ వారం గోలీయే అసలు మందు. వేసే పద్ధతి తప్పితే అది ఒంటికి పట్టదు, అన్నవాహికను కాల్చేస్తుంది. వారంలో ఒక రోజు ఖాయం చేసుకోండి. పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, పెద్ద గ్లాసు నిండా మంచినీళ్లతో నిలబడో కూర్చునో మింగించాలి. చప్పరించకూడదు, నమలకూడదు. అరగంట దాకా చాయ్, తిండి, ఇంకే గోలీ వద్దు. పడుకోవద్దు, వంగి పని చేయొద్దు. కాల్షియం ఆ రోజు పగటి భోజనం తర్వాతే. మంట ఇప్పటికే ఉంది కాబట్టి ఈ వారం గోలీ ఆపి డాక్టరుకు చూపించండి. మింగడం కష్టమైనవాళ్లకు ఏడాదికోసారి నరంలోకి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మి.గ్రా. ఉంది. అది ఇచ్చే ముందు విటమిన్ డి, కాల్షియం, క్రియాటినిన్ మూడూ చూడాలి. డి తక్కువగా ఉండగా ఇస్తే రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోతుంది. పన్ను పీకించాల్సింది ఉంటే ముందే పీకించి, పుండు మానాక మొదలుపెట్టాలి. ఐదేళ్లు నిండాక కొనసాగించాలా, విరామం ఇవ్వాలా అని డాక్టరు మళ్లీ డెక్సా చూసి చెబుతారు.

మణికట్టు తర్వాత విరిగేది తుంటి కాకూడదు. బాత్రూంలో గరుకు చాప, గోడకు పట్టుకునే కడ్డీ, రాత్రి మంచం నుంచి బాత్రూం దాకా చిన్న లైటు ఈ వారమే పెట్టించండి. నిద్ర గోలీలు వాడుతుంటే, పొద్దున లేవగానే తల తిరుగుతుంటే అవి కూడా డాక్టరుకు చెప్పండి. కళ్లలో శుక్లాలు ఉంటే ఆపరేషన్ వాయిదా వేయకండి.